పదో మనిషి

"కాగితంలో పది మంది. కొండ మీద తొమ్మిది శవాలు. పదోవాడేడి?"

కెప్టెన్ మిన్ థైక్ ఆ మాట అడగడం అది మూడోసారి. ఊరి పెద్ద తా డున్ మూడోసారి కూడా "తెలీదండీ" అన్నాడు. ఆ పదోవాడు అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, తా డున్ వడ్ల గాదెలోనే, విరిగిన కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు.

మొన్న పొద్దున కొండ మీది శిబిరానికి బియ్యం, తూటాలు మోసుకెళ్తున్న సైన్యం విమానం ఆ ఊరి వెనక కూలింది. తామే కూల్చామని రెండు తిరుగుబాటు దళాలు విడివిడిగా ప్రకటించుకున్నాయి. వాతావరణం బాగాలేక కూలిందని సైన్యం ప్రకటించింది. ఆ రోజు మబ్బు తునక లేదు. తా డున్‌కి మాత్రం రెక్క కింద ఊపిరున్న మనిషొకడు దొరికాడు. ఒంటి మీద యూనిఫాం లేదు, లుంగీ ఉంది. "వాళ్ళకి పట్టివ్వొద్దు బాబాయ్" అని ఒక్క ముక్క అని స్పృహ తప్పాడు. ఆ తర్వాత జ్వరంలో మూలుగే తప్ప మాట లేదు. బాబాయ్ అన్నాక ఏం చేస్తాడు, భుజానేసుకుని తెచ్చాడు.

"సాయంత్రంలోగా వాణ్ణి చూపించకపోతే ఊరు తగలబెట్టి పోతాను," అన్నాడు కెప్టెన్. ఊరికే బెదిరించడం కాదు. కింద రెండు ఊళ్ళు అలాగే బూడిదయ్యాయి. "లెక్క తేలకుండా వెనక్కెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది."

అప్పటికే సిపాయిలు ఇళ్ళు గాలిస్తున్నారు. ఒకడు గాదె వైపు నడిచాడు.

"వాడి పేరన్నా చెప్పండి. కొండెక్కి కేకేస్తూ వెతుకుతాం," అన్నాడు తా డున్, ఇంకేం అనాలో తోచక.

కెప్టెన్ విమానం ఎక్కినవాళ్ళ కాగితం చూసి ముఖం చిట్లించాడు. "పేరు లేదు. తొమ్మిది పేర్లు టైపు కొట్టారు. కింద చేత్తో పది అని అంకె వేసి వదిలేశారు."

"తొమ్మిది మందే బయల్దేరారా?" తా డున్ నుదురు కొట్టుకున్నాడు. "అయితే పదోది రాయి కదండీ!"

ఆ దేశంలో అందరిదీ ఒకటే నమ్మకం. తొమ్మిది మంది కలిసి దారి పట్టకూడదు. తప్పనిసరైతే ఒక రాయిని ఎత్తుకుని, "నువ్వు పదోవాడివి" అని చెప్పి బయల్దేరాలి. పోయిన నెల చెల్లెలి పెళ్ళికి వెళ్తూ కెప్టెన్ కూడా వ్యానులో రాయి పెట్టుకున్నవాడే.

"రాయిని లెక్కలో ఎందుకు రాస్తారయ్యా?"

"సైన్యంలో లెక్కకెక్కకుండా ఏదన్నా విమానం ఎక్కుతుందా? అంకె వేసుంటారు. రాయికి పేరేం రాస్తారు, పాపం!"

కెప్టెన్ కాగితం మడిచాడు. "సరే. ఆ రాయి ఏది?"

కొండ నిండా రాళ్ళే. తా డున్ ఏ రాయని చూపిస్తాడు? అవతల సిపాయి గాదె గడియ మీద చెయ్యి వేశాడు.

అంతలో వంటింట్లోంచి తా డున్ భార్య మ్యా సీన్ విసవిసా వచ్చింది. రెండు చేతుల్లో నల్లటి గుండ్రాయి.

"ఇదేనా మీది? మొన్న పాక కప్పు చీల్చుకుని పడింది. గేదె చచ్చేదే! బాగుంది కదాని ఆవాకు పచ్చడి జాడీ మీద బరువు పెట్టుకున్నాను. కప్పు ఎవరు వేయిస్తారు, మీరా, మీ జనరలా?"

ఆ రాయి ఆ జాడీ మీద ఇరవై ఏళ్ళుగా ఉంది.

కెప్టెన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ కొండది కాదు. ఏటి రాయి." వాసన చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "పచ్చడి కంపు."

"కొట్టదూ మరి!" అంది మ్యా సీన్.

కెప్టెన్ టోపీ తీశాడు. రాయిని స్ట్రెచర్ మీద పెట్టించి, దుప్పటి కప్పించి, తొమ్మిది మంది పక్కన లారీ ఎక్కించాడు. కాగితం మీద పదికి ఎదురుగా 'లభ్యం' అని రాసుకున్నాడు. గాదె దగ్గరి సిపాయిని ఈల వేసి పిలిచాడు.

"పచ్చడి బూజు పడితే నీదే పూచీ," అంది మ్యా సీన్ మొగుడితో. లారీ మలుపు తిరిగేదాకా ఆవిడ వాకిట్లోంచి కదల్లేదు.

తా డున్ పరుగున వెళ్ళి గాదె తెరిచాడు. జ్వరం జారినట్టుంది, లోపలి మనిషి లేచి కూర్చున్నాడు. మాటలన్నీ విన్నాడని అతని ముఖమే చెబుతోంది.

"గట్టి పిండానివి రా అబ్బాయ్! నువ్వు రాయివని చెప్పి పంపించేశాను. నోటికొచ్చిన అబద్ధం ఆడితే, ఆ మొద్దు నమ్మేశాడు!" తా డున్ కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.

అతను నవ్వలేదు.

"అబద్ధమేం కాదు బాబాయ్. విమానం ఎక్కేముందు వాళ్ళు రాయి కోసమే వెతికారు. విమానాల చోటంతా సిమెంటే కదా, గులకరాయి కూడా దొరకలేదు. గేటు దగ్గర శనగలమ్ముకుంటున్న నన్ను ఎక్కించారు."