బాయిలర్ గొట్టంలో జారిన నట్టు

వరంగల్ మిల్లులో పొద్దుగూకాక ఇద్దరే మిగిలారు. ఒకరు ఫిట్టర్ సారంగపాణి, ఇంకొకరు బాయిలర్‌లో బొగ్గు వేసే పెద్దులు. గొట్టంలో జారిపడిన నట్టు తీస్తే తప్ప తెల్లారి మంట పెట్టడానికి లేదు.

దానికోసం హైదరాబాదు నుంచి కొత్త పనిముట్టు వచ్చింది. పొడవాటి కడ్డీ చివర చిన్న పటకారు, పక్కనే దీపం, కెమెరా ఉన్నాయి. లోపల ఉన్నదంతా చిన్న టీవీలో కనబడుతుంది.

కడ్డీ లోపలికి తోయగానే తెరమీద, మసిలో, చిన్న అరచేతి ముద్ర కనబడింది.

"పెద్దులన్నా, ఈ గొట్టంల మనిషి పట్టుతడా?"

"పిల్లి గూడ పట్టది తమ్మీ. జర జల్ది కానియ్యి."

ఇంకొంచెం లోపల నట్టు దొరికింది. సారంగపాణి పటకారుతో పట్టి లాగాడు. లోపలి నుంచి ఎవరో అంతకన్నా గట్టిగా లాగారు.

"ఇడిచిపెట్టు!" అని పెద్దులు అరిచాడు.

సారంగపాణి వదిలేశాడు. కడ్డీ గీరుకుంటూ గొట్టంలోకి పోయింది. వెనకే, కెమెరా నుంచి టీవీకి వచ్చే నల్ల తీగ కూడా చుట్ట విప్పుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఆగాక మిల్లంతా నిశ్శబ్దమైంది.

టీవీ వెలుగుతూనే ఉంది. తెరమీద చీకటి పోయి రెండు వీపులు కనబడ్డాయి. తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్నది పెద్దులు, రెండోది సారంగపాణి.

"ఎనుకకు చూడకు తమ్మీ," అన్నాడు పెద్దులు, పెదవులు కదపకుండా.

తెరమీద ఆ వీపులు మెల్లగా దగ్గరవుతున్నాయి.