ఓపల్ కేక

బాస్కెట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా నాలుగు సెకన్లున్నాయి. వైట్‌ఫర్డ్ కాలేజీ ఒక్క పాయింటు ముందుంది. అవతలి జట్టు డన్‌మోర్ కుర్రాడు కెల్సోకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే బంతులవి, పడితే ఒక్కోదానికి ఒక పాయింటు.

రెండూ తప్పితే, పంతొమ్మిదేళ్ల తర్వాత వైట్‌ఫర్డ్ జాతీయ టోర్నీకి వెళ్తుంది. రెండూ పడితే ఇంటికి. మార్చి నెల, శనివారం మధ్యాహ్నం. ఇండియానాలోని ఆ చిన్న ఊరు దుకాణాలు కట్టేసి, మొత్తంగా వచ్చి ఆటలాడే ఆ పాత జిమ్ హాల్లో నిలబడింది.

సగం మంది కెల్సోను చూడటం లేదు. బుట్ట వెనక మూడో వరసలో కూర్చున్న ఓపల్‌ను చూస్తున్నారు.

ఓపల్‌కు డెబ్బై నాలుగేళ్లు. నలభై మైళ్ల అవతల పాడి ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ట్రక్కు నడుపుకుంటూ వచ్చి అదే సీట్లో కూర్చుంటుంది. అవతలి జట్టువాడు ఫ్రీ త్రోకు నిలబడి, మూడోసారి బంతిని నేలకు కొట్టగానే, ఆవులను పిలిచే కేక ఒకటి వేస్తుంది. ఆ కేకకు చెయ్యి వణకనివాడు లేడని ఊళ్లో చెప్పుకుంటారు. కొంత కోతలే అనుకోండి. అంతా కోత కాదు.

ఈరోజు మాత్రం ఆమె నోరు విప్పలేదు. గొంతు పట్టేసిందని చెప్పి దగ్గు బిళ్ల చప్పరిస్తోంది. ఎనిమిది నిమిషాల కిందట ఇదే కెల్సో, ఇదే బుట్ట దగ్గర రెండు ఫ్రీ త్రోలు పోగొట్టుకున్నాడు. అప్పుడు కూడా ఓపల్ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే చూసింది.

"ఓపల్ గారూ, ఒక్క కేకండీ" అన్నాడు పక్కసీటు డ్వేన్.

డ్వేన్‌కు టైర్ల కొట్టుంది. చనిపోయిన మేనమామ సీటు ఈ ఏడాదే అతనికి వచ్చింది. అతనికి ప్రొఫెషనల్ ఆటంటే ప్రాణం, కాలేజీ ఆటంటే చిన్నచూపు. ఏడాదంతా ఇద్దరికీ దాని మీదే తగువు.

"ఎదురుగా అడ్డొచ్చేవాడు లేకపోయినా బుట్టలో వెయ్యలేరు, ఇదేం ఆటండీ" అనేవాడు. "అదే ప్రొఫెషనల్ వాళ్లయితే చెవి దగ్గర డప్పు కొట్టినా గురి తప్పరు."

"తప్పరులే. మోకాలు నొప్పని పది ఆటలు ఎగ్గొడతారు కూడా" అనేది ఓపల్. "వాళ్లకు ఏడాదికి ఎనభై ఆటలు. ఒకటి పోతే ఎవడికి బాధ? ఈ పిల్లలకు ఒక్కటి పోతే ఏడుపొస్తుంది. ఆట అంటే అదీ."

"ఆ ఏడిపించేది మీరేగా."

"ఎవరో ఒకరు ఏడవాలి కదా నాయనా. మనవాడు ఏడవకూడదని నా గోల."

ఇప్పుడు డ్వేన్‌కు ప్రొఫెషనల్ ఆట గుర్తే లేదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"వాడు ఈ ఏడాది వేసిన ఫ్రీ త్రోల్లో సగం కూడా పడలేదండీ. కాస్త కదిలిస్తే చాలు."

"గొంతు బాగాలేదన్నాను కదా."

"అయితే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

ఓపల్ మెడలోని ఊదారంగు మఫ్లర్‌ను వేలికి చుట్టుకుంటోంది. అది వైట్‌ఫర్డ్ రంగు. కోర్టులో ఒక పక్కగా వైట్‌ఫర్డ్ కెప్టెన్ టల్లీ, కాలేజీలో ఆఖరి ఏడాది కుర్రాడు, చొక్కా అంచు పళ్ల మధ్య బిగించి చూస్తున్నాడు. ఓడితే ఇదే వాడి ఆఖరి ఆట. ఓపల్ వాణ్ని కాసేపు చూసింది. తర్వాత చూపు తిప్పుకుంది.

కెల్సో గీత దగ్గర నిలబడ్డాడు. జిమ్ అంతా అరుస్తోంది. అతను బంతి పట్టుకుని తలెత్తి, బుట్ట వెనక వరసలను వెతికాడు.

"చూశారా, మీకోసమే" అన్నాడు డ్వేన్. "మీ పేరు డన్‌మోర్ దాకా పాకింది. వాడికి భయం పట్టుకుంది."

బంతి ఒకసారి నేలను తాకింది.

ఓపల్ దగ్గు బిళ్లను అరచేతిలోకి ఉమ్మేసింది.

రెండోసారి తాకింది. ఆమె లేచి నిలబడింది.

మూడోసారి.

ఆ కేకకు ముందువరసలోని ఆడమనిషి చేతిలో పాప్‌కార్న్ ఒలికిపోయింది. గొంతు పట్టేసిన మనిషి కేకలా లేదది. బంతి అంచుకు తగిలి, తిరిగి తిరిగి, లోపల పడింది. స్కోరు సమం.

డ్వేన్ ముఖం పాలిపోయింది. "పర్లేదు, ఇంకోటి ఉంది. ఈసారి ఇంకా గట్టిగా వెయ్యండి."

"వేస్తాను" అంది ఓపల్.

వేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ వెయ్యలేదు. ఈసారి బంతి అంచును కూడా తాకకుండా వలలోంచి దిగింది.

మిగిలిన నాలుగు సెకన్లలో టల్లీ సగం కోర్టు నుంచి విసిరిన బంతి గోడకు కొట్టుకుంది. టల్లీ అక్కడే కూలబడి ముఖం కప్పుకున్నాడు. జిమ్‌లో డన్‌మోర్ వాళ్ల అరుపులు తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఓపల్ కూర్చుని ఏడుస్తోంది. డ్వేన్‌కు ఆమె మీద కోపం రావాలి, రాలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ కేకకు పదును పోయిందండీ" అన్నాడు మెల్లగా. "అయినా మీరు చెయ్యగలిగింది మీరు చేశారు."

"చేశాను నాయనా" అంది ఓపల్, మఫ్లర్‌తో కళ్లు తుడుచుకుంటూ.

రోజూ సాయంత్రం ఆమె ఆవులను పిలిచే ఆ కేక వింటూనే, కొట్టం గోడకు బిగించిన బుట్టలోకి బంతి వేయడం నేర్చుకున్నాడు ఓపల్ కూతురి కొడుకు కెల్సో.