గడియ

"ఏవండీ, గడియ రావడం లేదు!"

బాత్రూంలోంచి భార్య గొంతు వినిపించేసరికి అతను మంచం మీద అటు నుంచి ఇటు దొర్లాడు. వారమంతా ప్రింటింగ్ ప్రెస్సులో, మిషన్ల హోరులో పనిచేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఒక్కటే అతనికున్న సుఖం.

"గట్టిగా లాగు," అన్నాడు కళ్లు తెరవకుండానే.

"లాగాను. బిగుసుకుపోయింది. ఆ గడియ సంగతి చూడమని వారం నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదా!"

నిజమే, మొత్తుకుంది. ప్రతిసారీ చూద్దాంలే అన్నాడు.

లేచి వెళ్లి తలుపు తోశాడు. భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు గానీ ఆ చప్పుడుకి పక్కగదిలో కవలలిద్దరూ లేచి కూర్చున్నారు.

వాళ్లకింకా రెండేళ్లు నిండలేదు. పిల్లాణ్ణి బండోడంటారు, పిల్లని పిట్ట అంటారు. బండోడు ఏడుస్తాడు. పిట్ట ఏడవదు, మాయమవుతుంది.

"పగలగొట్టేస్తాను, వెనక్కి జరుగు."

"అద్దె ఇల్లండీ! పైగా పిల్లలు దడుచుకుంటారు. మొన్న మంచం బాగుచేశాడే, ఆ వడ్రంగికి ఫోన్ చేయండి. ఇంకెవరూ వద్దు, అతనైతే జాగ్రత్తగా తీస్తాడు."

వడ్రంగి వెంటనే ఫోనెత్తాడు. "మీ సందు మొదట్లోనే ఉన్నా సార్. ఇదిగో, వచ్చేస్తున్నా."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఈలోగా బండోడు రాగం అందుకున్నాడు.

"పాలు కలిపి ఇవ్వండి," తలుపు అవతలి నుంచి చెప్పింది ఆమె. "వాడికి నీలం గ్లాసు, దానికి ఎర్రది. మారిస్తే తాగరు."

మార్చాడు. పాలు గోడ మీదికి వెళ్లాయి. తుడుస్తుంటే ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది.

"బండోడు మూలకెళ్లి నిలబడ్డాడా?" లోపలి నుంచి ప్రశ్న.

నిలబడ్డాడు. మొహం ఎర్రగా చేసుకుని, కర్టెన్ పట్టుకుని మరీ నిలబడ్డాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం. ముక్కు మూసుకుని వాణ్ణి వంటింటి సింకులో కడిగాడు. వెనక్కి తిరిగి చూస్తే పిట్ట లేదు. మంచం కింద లేదు, తలుపు చాటున లేదు. చివరికి మాసిన బట్టల బుట్టలో కనిపించింది. అతని కళ్లజోడు నములుతోంది.

మళ్లీ ఫోన్ చేశాడు.

"చిన్న పని మీదున్నా సార్, అయిపోవచ్చింది."

"సందు మొదట్లో ఉన్నానన్నావు?"

"ఆ సందు కాదు సార్."

పోనీ తనే వెళ్లి ఎవరినైనా పిలుచుకొద్దామంటే, పిట్ట భుజం దిగదు, బండోడు కాలు వదలడు. ఇద్దర్నీ చంకనేసుకుని మూడంతస్తుల మెట్లు దిగడం అయ్యే పని కాదు. తనకే బాత్రూంకి వెళ్లాల్సిన అవసరం వచ్చి చాలాసేపయింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కింద వీధిలో ఎవడో ఖాళీ చేతులూపుకుంటూ ఒక్కడే నడిచిపోతున్నాడు. వాణ్ణి చూస్తే కడుపు మండిపోయింది. ఈ ఇల్లు ఇంత చిన్నదని అతనికి ఇన్నాళ్లూ తెలియలేదు.

లోపల చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో కూనిరాగం. పాపం, భయం పోగొట్టుకోడానికి పాడుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

"ఊపిరాడుతోందా?" తలుపుకి నోరు ఆనించి అడిగాడు.

"ఆడుతోంది. ఇప్పుడే కాస్త బాగా ఆడుతోంది."

వడ్రంగికి మూడోసారి చేశాడు. "ఇదిగో సార్, చెప్పులేసుకుంటున్నా!"

ఎండ గోడ దిగిపోయింది. బండోడు కిందపడి పెదవి చిట్లగొట్టుకున్నాడు. వాణ్ణి ఎత్తుకున్నాడని పిట్ట కూడా కావాలనే కిందపడింది. ఇద్దర్నీ ఒళ్లో వేసుకుని బాత్రూం తలుపుకి ఆనుకుని కూలబడ్డాడు. చొక్కా నిండా పాలు, చీమిడి, అన్నం మెతుకులు.

"రోజూ ఇలాగేనా?" అడిగాడు.



"ఇవాళ నయం. ఎవరికీ జ్వరం లేదు."

ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. పిల్లల్ని దించి రెండు చేతులతో తలుపు బాదాడు. స్పృహ తప్పి పడిపోయిందేమో! కాలు ఎత్తి తన్నబోతుంటే, "ఆఁ... ఉన్నానండీ," అంది బొంగురు గొంతుతో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది. తలుపుకి నుదురు ఆనించి, "ఈ గడియ ముందే బాగుచేయించాల్సింది," అన్నాడు.

చీకటి పడబోతుండగా తీరిగ్గా వచ్చాడు వడ్రంగి. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి, అటూ ఇటూ ఆడించి, "ఇప్పుడు లాగండమ్మా," అన్నాడు. గడియ టక్కుమని వచ్చేసింది.

ఆమె బయటికొచ్చింది. తడి జుట్టు, ఉబ్బిన కళ్లు. పిల్లలిద్దరూ చెరో కాలు వాటేసుకున్నారు. వంగి ఇద్దర్నీ చెరో చంకలోకీ ఎత్తుకుంది.

"రేపే కొత్త గడియ పెట్టిస్తాను," అన్నాడు అతను. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

వడ్రంగిని మెట్ల దాకా తీసుకెళ్లి, పళ్లు నూరుతూ నిలదీశాడు. "మధ్యాహ్నం నుంచి లోపల ఆడమనిషి ఇరుక్కుపోయి ఉంటే ఇప్పుడా రావడం? నువ్వసలు మనిషివేనా?"

వడ్రంగి సంచీ భుజానికి తగిలించుకుంటూ బుర్ర గోక్కున్నాడు.

"మీరెన్నిసార్లు ఫోన్ చేసినా చీకటిపడే దాకా రావద్దని అమ్మగారు నిన్ననే చెప్పారు సార్!"