మేకు గీసిన గుర్తు

గేటు దగ్గర ఆ మనిషి మళ్ళీ నిలబడ్డాడు.

సంపూర్ణమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టి లేచింది.

ఇది మూడో రోజు. అరవై దాటిన మనిషి. ముఖం ఎడమ సగం ఎవరో లోపలికి నొక్కేసినట్టు సొట్టపోయి ఉంది. ఆ పక్క కన్ను లేదు. ఉన్న ఒక్క కన్నూ షెడ్డులోని లారీ మీదే.

ఆ లారీ అంటే ఆమె కొడుకు హర్షకి ప్రాణం. ఎప్పటిదో మిలిటరీ బండి. రాజమండ్రిలో పాత ఇనుము కొట్టులో పడి ఉంటే తెచ్చుకున్నాడు. ఆరు నెలలుగా రొయ్యల చెరువుల పని కాగానే దాని దగ్గరే ఉంటున్నాడు. శుక్రవారం పూజ చేసి రోడ్డెక్కించాలని పట్టు.

హర్ష తలుపు మీది పాత రంగు గీకుతున్నాడు. పొర కింద ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి. 'జాన్ బాబు'.

"తడిపి గీకు బాబూ," అన్నాడు గేటు దగ్గర మనిషి. "పాత రంగులో సీసం ఉంటుంది. ఆ దుమ్ము పీల్చకూడదు. మూతికి గుడ్డ కట్టుకో."

"సరేలే తాతా."

"ఆ పేరు... ఉంచెయ్యకూడదా?"

"మిలిటరీ బండికి పేరేంటి తాతా, పెళ్ళి బస్సా?" హర్ష నవ్వుతూ పేరు చెరిపేశాడు.

ఆ ఒంటికన్ను చెమర్చడం సంపూర్ణమ్మ చూసింది.

దిష్టి కన్ను అనుకుంది.

సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి గట్టిదే.

మర్నాడు అతను గేటు దాటి లోపలికే వచ్చాడు.

"ముందు ఎడమ చక్రానికి గాలి కొట్టనివ్వకండమ్మా. టైరు ఊడిపోకుండా పట్టి ఉంచే ఇనప రింగు చీలింది. మీద రంగు వేసేశారు, మీకు కనబడదు. గాలి నిండితే రింగు గుండులా ఎగురుతుంది. మా వాడు కూడా ఇలాగే..."

"చాలు!" సంపూర్ణమ్మ చెవులు మూసుకుంది. "శుభమా అని పూజ చేసుకోబోతుంటే ఆ మాటలేంటయ్యా? మంచి మాటుంటే చెప్పు. లేకపోతే వెళ్ళు."

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

దేవుడు మంచి మాటని మంచి ముఖంతోనే చెప్పిస్తాడా? దీపం పెడుతుంటే ఆమెకి ఆ అనుమానం వచ్చింది. కానీ భయం ముందు అనుమానం నిలవలేదు.

శుక్రవారం తెల్లవారేసరికి ముందు చక్రం నేలకి అంటుకుపోయి ఉంది.

టైరులో గాలిని ఆపే పిన్ను లేదు. గాలి కొట్టే కంప్రెసరు గొట్టం రెండు ముక్కలు. రింగు మీద కొత్త ఆకుపచ్చ రంగులో మేకుతో గీసిన ఇంటూ గుర్తు.

అతను పారిపోలేదు. గేటు బయటే కూర్చుని ఉన్నాడు.

"నీకేం ద్రోహం చేశామయ్యా మేము?" హర్ష పరుగున వెళ్ళి తోసేశాడు.

అతను గేటు స్తంభానికి కొట్టుకుని పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

"ఇంకా కొట్టు బాబూ, ఏమీ అనుకోను. చక్రం మాత్రం ఇంట్లో ముట్టుకోకు. షాపుకి తీసుకెళ్ళు."

అతను వెళ్ళాక, కూర్చున్న చోట సంపూర్ణమ్మ బిందెడు నీళ్ళు కుమ్మరించింది.

హర్ష గీతల మీద మళ్ళీ రంగు వేశాడు. ముహూర్తం పదకొండింటికి. గొట్టం ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది? తిట్టుకుంటూ చక్రం ఊడదీసి ట్రాలీ ఆటో ఎక్కించాడు. అంత పెద్ద టైరుకి గాలి కొట్టేది చుట్టుపక్కల ఒకటే షాపు, నిడదవోలులో విజయ్ పాల్‌ది.

పూలూ నిమ్మకాయలూ కొనాలని సంపూర్ణమ్మా ఎక్కింది. ఎందుకో కొడుకుని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు.

విజయ్ పాల్ చక్రాన్ని ఇనప పైపుల బోనులోకి దొర్లించాడు. పొడుగాటి గొట్టం తగిలించి అందర్నీ గోడ వెనక్కి పంపాడు.

"ఏంటండీ, చక్రమా పులా?" అన్నాడు హర్ష.

"పులైతే అరుస్తుందండి. ఇది చెప్పి మీద పడదు."

"ఇంటి దగ్గరైతే పక్కనే కూర్చుని కొట్టేసేవాణ్ణి."

పక్కనే. సంపూర్ణమ్మ సంచిలోని నిమ్మకాయల వంక చూసుకుంది. ఆ చక్రం కింద నిమ్మకాయ పెట్టాల్సింది తనే.

ఢాం!

షాపు రేకులు అదిరిపోయాయి. రింగు ఎగిరి బోను పైపుని వంచేసి కింద పడింది.

హర్ష గోడ చాటునుంచి మెల్లగా బయటికి వచ్చాడు.

సంపూర్ణమ్మ వంగి చూసింది. రింగు రెండుగా తెగింది. తెగిన చోట రంగు పెచ్చులూడి, కింద మేకు గీత కనబడుతోంది. ఇంటూ గుర్తు మధ్యలోంచే తెగింది.

"ఈ బోను లేకపోతే..." ఆమె కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బోను మాది కాదమ్మగారూ. ఏసురాజు గారని ఒకాయన సొంతంగా చేసి, లారీలు ఆగే ప్రతి షాపుకీ ఒకటి ఇచ్చి పోతుంటారు. ముఖం ఒక పక్క..."

సంపూర్ణమ్మ తన ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుంది.

"ఎక్కడున్నారాయన?"

"పొద్దున్నే వచ్చారండి. మోచెయ్యంతా రక్తం. 'ఆకుపచ్చ చక్రం ఒకటి వస్తుంది, బోను లేకుండా ముట్టుకోకు' అని చెప్పి ప్యాసింజరు రైలెక్కేశారు. ఏ ఊరో ఎన్నడూ చెప్పరు."

వంగిపోయిన పైపు మీద వెల్డింగుతో రాసిన అక్షరాలున్నాయి. సంపూర్ణమ్మ కూడబలుక్కుని చదివింది.

'జాన్ బాబు'.

హర్ష తన గోళ్ళలో ఇరుక్కున్న ఎర్ర రంగు వంక చూసుకున్నాడు.

"ఇదెవరి పేరు బాబూ?" అంది ఆమె, వినడానికి భయపడుతూనే.

"ఆయన కొడుకండి," అన్నాడు విజయ్ పాల్ రింగు ముక్కలు ఏరుతూ. "వాళ్ళ మిలిటరీ లారీకి గాలి కొడుతుంటే రింగు ఎగిరి కొడుకు పోయాడు, తండ్రికి ముఖం పోయింది, ఇంకో తల్లికి ఆ కడుపుకోత రాకూడదని, ముక్కలు చేసెయ్యమని ఆ బండిని పాత ఇనుముకి ఇచ్చేశారు పాపం."