ఆకాశంలో చుక్క

"ఆకాశంలో చుక్క కనబడితే చాలు, అరవరా! అదేమిటో నేను చూసుకుంటా!" అంటూ కమాండర్ రెస్సెల్ పొద్దున్నే హిన్‌రిక్ చెంప పగలగొట్టాడు. ముందురోజు చుక్క విమానమో కాదో వాడు తేల్చుకుని చెప్పేలోపే ఇంగ్లీషువాళ్ళ బాంబులు మా జలాంతర్గామి పక్కనే పడ్డాయి.

మధ్యాహ్నం పైన కాపలా కాస్తున్న హిన్‌రిక్ గొంతు చించుకున్నాడు. "విమానం!"

వెంటనే మునగడం మొదలుపెట్టాం. పైనున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు లోపలికి దూకారు. కమాండర్ కూడా దిగి పైమూత లాగాడు. అది పూర్తిగా పడలేదు. సందులో నాలుగు వేళ్ళున్నాయి. అలలకు కొట్టుకుపోకుండా కట్టుకున్న బెల్టు హిన్‌రిక్‌కి అప్పటికిగానీ ఊడలేదు.

"సార్! నేనింకా పైనే ఉన్నా సార్!"

సందులోంచి సముద్రం నీళ్ళు కుమ్మరిస్తోంది. కమాండర్ మెడలోని బైనాక్యులర్‌తో ఆ వేళ్ళను చితక్కొట్టాడు. రెండు తెగి, మూత కిందే చుక్కాని పట్టుకున్న నా భుజం మీద పడ్డాయి. మూత బిగిసింది. పైన కాసేపు దబదబా బాదిన చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"వాడొక్కడు. మనం నలభై నలుగురం. నోళ్ళు మూయండి."

బాంబులు పడలేదు. పది నిమిషాలు చూసి, కమాండర్ పెరిస్కోపుకు కన్ను ఆనించాడు. చాలాసేపు కదల్లేదు.

"విమానం ఇంకా ఉందా సార్?" అన్నాను.

"ఉంది," అన్నాడు. "నోట్లో చేప పట్టుకుని తిరుగుతోంది."