ఓనరుగారి సంపాదన

హలో, అందరికీ వినబడుతోందా? బాగున్నారా? ఒక చిన్న కథ. అయిపోయాక నేనింకేమీ మాట్లాడను, అందుకే ముందే అడిగేస్తున్నా. నచ్చితే మీకు తెలిసిన ఆడవాళ్లందరికీ పంపండి. వాళ్లింట్లో ఇలాంటి ఓనరు ఉంటే రెండుసార్లు పంపండి.

"చూసి కూర్చోండి మేడమ్, కుర్చీ నిండా దారప్పోగులే. దీనికెన్నిసార్లు చెప్పినా చీపురు పట్టి చావదు," అన్నాడు ఓనరు.

అది అతని పేరు కాదు. టైలరింగ్ షాపులో గల్లాపెట్టె ముందు పొద్దస్తమానం కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడని వీధి వాళ్లు పెట్టిన పేరు. వాళ్లు వెక్కిరింతగా పెడితే, అతను బిరుదులా పుచ్చుకున్నాడు. తెర వెనక మిషన్ తొక్కుతున్నది అతని పెళ్లాం. కొలతలు తీసేది ఆమె, కత్తిరించేది ఆమె, కుట్టేది ఆమె. సూదిలో దారం ఎక్కించమంటే ఓనరుకి చెమటలు పడతాయి.

వచ్చినావిడ భుజానికున్న సంచి ఒళ్లో పెట్టుకుని, "మీ సంపాదన గురించి కొంచెం తెలుసుకోవాలండీ. నేను..." అంది.

"తెలుసు తెలుసు. లోను అడిగినప్పుడే చెప్పారు, ఎవరో ఒకరు వచ్చి విచారిస్తారని." అంతలో అతనికి అనుమానం వచ్చింది. "ఇన్‌కమ్ ట్యాక్సు వాళ్లు మాత్రం కాదు కదా?"

"అబ్బే, కాదండీ."

"హమ్మయ్య. ఇంకేం, అడగండి!"

ఈ లోను కోసం ఓనరు కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు. లోను అతని పేరు మీద వచ్చిందంటే షాపు అతనిదని ముద్ర పడినట్టే. ఆ తర్వాత పెళ్లాం నోరెత్తే పనే ఉండదు. కిందటి నెల ఆమె పెద్దమనుషుల్ని పిలిచి, "నా కుట్టు డబ్బులు నా ఖాతాలో పడనివ్వమనండి బాబాయ్" అని అడిగింది. ఓనరు భుజం మీద తువ్వాలుతో కళ్లొత్తుకుని, "ఎక్కడి డబ్బులు బాబాయ్? అద్దెకే చాలక నేను నీళ్లు తాగి పడుకుంటున్నా" అని ఏడ్చాడు. అంత బొజ్జ పెట్టుకుని ఏడిస్తే పెద్దమనుషులు నమ్మారు. నమ్మేవాళ్లుంటే ఏడ్చేవాళ్లకి కొదవా?

"షాపు ఎవరిదండీ?" అడిగింది వచ్చినావిడ.

"నాదే. ఇంకెవరిది?"

తెర వెనక మిషన్ క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

"మరి లోపల కుడుతున్నావిడ?"

"మా ఆవిడ. పనిమనిషి అనుకోండి, జీతం లేని పనిమనిషి!" తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

"నెలకి ఆవిడ చేతికి ఏమైనా ఇస్తారా?"

"తిండి పెడుతున్నాగా! ఇంకేం ఇవ్వాలి, కిరీటమా?"

"ఆవిడకి ఖాతా లేదా?"

"ఎందుకు లేదూ, ఉంది. మహిళా సంఘం వాళ్లు ఎగేసుకుని వచ్చి, ఫోను కొనిపించి, ఖాతా తెరిపించి, ఇదిగో ఈ గోడ మీద దాని స్కానర్ కాగితం అంటించి పోయారు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, దాని మీద నాది అంటించేశా. జిగురు దట్టంగా పూసి మరీ! నెల రోజులు కనిపెట్టలేదండీ ఆ మహాతల్లి. 'డబ్బులు పడటం లేదేంటండీ' అని వచ్చి నన్నే అడిగింది. 'సిగ్నల్ లేదే పిచ్చిమొహమా' అన్నా. నమ్మేసింది!"

ఆవిడ నవ్వలేదు. ఆఫీసు వాళ్లు అంతేలే అనుకున్నాడు ఓనరు.

ఇంతలో ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, కుట్టిన గౌను తీసుకుని, తెర వైపు తల వంచి, "అక్కా, చేతులు భలే కుదిరాయి!" అని అరిచి, గోడ మీద స్కాన్ చేసి వెళ్లిపోయింది. గల్లాపెట్టె పక్కనున్న డబ్బా ఆడగొంతుతో డబ్బులు అందాయని చెప్పింది.

"విన్నారా? నా షాపులో ఆడదాని గొంతు లేస్తే ఇదొక్కటే లేవాలి!"

"ఇలా నెలకి ఎంత వస్తుందండీ?"

"నలభై వేలకి తగ్గదు."

"ఊరికే నోటిమాటగా చెబితే..."

ఓనరుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నోటిమాటా? మీ నెంబరు చెప్పండి!" ఫోను తీసి టకటకా నొక్కాడు. "వచ్చిందా? రెండేళ్ల లెక్క. పైసాతో సహా నా ఖాతాలోనే."

"వచ్చింది. అయితే నేనెవరో ముందు చెప్పనివ్వండి..."

"మీరెవరైతే నాకేంటి మేడమ్! లోను వస్తే చాలు. ఇంకేం కావాలి, సంతకమా, వేలిముద్రా?" ఆవిడ జవాబు చెప్పేలోపే ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, వాయిస్ మెసేజ్ మొదలుపెట్టాడు. "ఈ షాపు నాది. నెలకి నలభై వేలు నా సొంత సంపాదన. మా ఆవిడకి నయాపైసా సంపాదన లేదు. ఇది నేను ఒళ్లు తెలిసి చెబుతున్న మాట." అది కూడా పంపేశాడు. పంపి, మీసం దువ్వుకున్నాడు.

మిషన్ ఆగింది. తెర తొలగించుకుని పెళ్లాం బయటికొచ్చింది. కత్తెర, టేపు సంచిలో సర్దుకుంటోంది.

"ఎక్కడికే బయల్దేరావ్? మేడమ్‌గారికి టీ పట్రా!"

"టీ వద్దండీ," అంటూ వచ్చినావిడ లేచింది.

"అయితే లోను ఎప్పుడొస్తుంది మేడమ్?"

"అది బ్యాంకు వాళ్లని అడగండి. నేను మీ ఆవిడ భరణం కేసు లాయర్ని."