పరదా బండి

నవాబుగారు మూడు ప్యాకార్డు కార్లు మార్చారు. ప్రతి కొత్తదీ పాతదానికంటే జానెడు పొడవు. డ్రైవర్ పర్వతాలూ, వెనక కిటికీలకు బేగంగారి పరదాలూ మాత్రం మారలేదు. అతను వెనక్కి చూడకూడదు, అద్దం పక్కకు తిప్పి ఉంచాలి, తలుపు పడ్డ చప్పుడు వినగానే బండి కదిలించాలి.

భారత యూనియన్ సైన్యం సికింద్రాబాదులో దిగిన మర్నాడు అతని భార్య బుచ్చమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బయట కర్ఫ్యూ. బేగంగారు కొత్త ప్యాకార్డే ఇచ్చి పంపారు.

చిలకలగూడలో తన ఇంటి ముందు ఆపాడు. వెనక తలుపు పడింది. బండి కదిలింది.

దారిలో సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు.

"లోపల జనానా ఉన్నరు సాబ్," అన్నాడు పర్వతాలు.

సిపాయి మొహం తిప్పుకొని దారి ఇచ్చాడు.

"జెర ఓర్సుకో బుచ్చీ, వచ్చేసినం."

బేగంగారి సీట్లో కూర్చునేసరికి నొప్పులు కూడా మర్యాద నేర్చుకున్నాయనుకున్నాడు.

ఆసుపత్రి ముందు అలవాటుగా తల దించుకొని తలుపు తీశాడు. ఎంతకీ ఎవరూ దిగలేదు. పరదా జరిపి చూస్తే సీటు మీద బట్టల మూట ఒక్కటే ఉంది.

బండిని ఇంటికి పరుగెత్తించాడు. బుచ్చమ్మ ఒళ్లో ఆడపిల్ల. పక్కింటి ముసలమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మూట పెట్టి తలుపేసిన. ఇంటికి తాళమేద్దామని మళ్లిన, గంతలనే పోతివి," అంది బుచ్చమ్మ. "మూటకు తక్లీఫ్ గాలేదు గద?"

తల్లీబిడ్డల్ని ఎక్కించాడు. తలుపు పడింది. బండి కదల్లేదు.

"ఏందీ, పోనియ్యవు?"

"ఆగు," అన్నాడు పర్వతాలు, అద్దం తనవైపు తిప్పుకుంటూ.